వార్నిష్ కింద ఎర్ర దారం

అరుణజ్యోతి ఒకసారి "సరే" అందంటే ఇక దానికి తిరుగులేదని మిణుగురు ప్రాజెక్టులో అందరికీ తెలుసు. ఆ సంగతి అందరికంటే బాగా అరుణజ్యోతికే తెలుసు. అందులో కాస్త గర్వం ఉందా అంటే ఉంది. ఆరేళ్లుగా పైసా జీతం లేకుండా పరాయివాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో రాళ్లు ఏరుతున్న మనిషికి ఆ మాత్రం గర్వం ఉంటే తప్పేముంది?

మిణుగురు అంటే నీళ్ల మీటర్లు, మోటారు స్టార్టర్ల లాంటి చిన్న చిన్న యంత్రాల లోపల నడిచే ప్రోగ్రాం. ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేసి పంపవచ్చు. కాకపోతే పంపినదాన్ని మరొకరు అక్షరం అక్షరం చదివి, బాగుందనిపిస్తే తమ పేరు కింద పెట్టాలి. ఫ్లాష్ మెమరీ భాగానికి ఆ పేరు అరుణజ్యోతిది. 'రివ్యూడ్ బై అరుణజ్యోతి' అన్న ఒక్క లైను పడిందంటే చాలు, ప్రాజెక్టు పెద్ద భానుమూర్తి గారు రెండో ఆలోచన లేకుండా కలిపేసుకుంటారు.

ఆమె చదివే పద్ధతే వేరు. అల్మాస్‌గూడ నుంచి బండి మీద ఎల్బీ నగర్ వచ్చి అక్కడ మెట్రో ఎక్కుతుంది. అది మొదటి స్టేషను కాబట్టి సీటుకి ఢోకా లేదు. కూర్చోగానే బ్యాగులోంచి కాగితాలు తీస్తుంది. అవును, కాగితాలే. ఆఫీసులో పిల్లలు నవ్వినా సరే ప్రింటు తీసుకునే చదువుతుంది, అదీ ఆఖరి లైను నుంచి మొదలుపెట్టి పైకి. పైనుంచి చదివితే రాసినవాడి ధోరణిలో మనమూ కొట్టుకుపోతామని, కిందనుంచి చదివితే ప్రతి లైనూ ఒంటరిగా నిలబడి తన సంగతి తాను చెప్పుకోవాల్సి వస్తుందని ఆమె వాదన. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కిన జనం మీద పడుతున్నా పెన్సిల్ ఆగదు.

ఈసారి చదివింది కార్తీక్ పంపిన డ్రైవరు. డ్రైవరంటే మెమరీ చిప్పుతో ఎలా మాట్లాడాలో తెలిసిన ప్రోగ్రాం ముక్క. ఇన్నాళ్లూ వాడిన చిప్పు మార్కెట్లో దొరకడం మానేసింది. కొత్త చిప్పుకి తగిన డ్రైవరు మిణుగురులో లేదు గానీ, నౌక అనే ఇంకో పెద్ద ఉచిత ప్రాజెక్టులో ఉంది. కార్తీక్ దాన్ని అక్కడినుంచి ఇక్కడికి తెచ్చాడు. ఒక ఇంటి తలుపు ఊడదీసి ఇంకో ఇంటి గుమ్మానికి బిగించడం లాంటి పని అది. కొలతలు కలవవు, బందులు కలవవు, చిత్రిక పట్టి పట్టి కూర్చోబెట్టాలి. మొదటిసారి పంపినప్పుడు అరుణజ్యోతి ముప్పై ఒక్క తప్పులు పట్టింది. కార్తీక్ ప్రతిదానికీ "థాంక్సండీ" అని రాసి, ముప్పై ఒకటీ దిద్ది మళ్లీ పంపాడు. ఆదివారం నాడు ఆమె తృప్తిగా పేరు పెట్టేసింది. శుక్రవారం సాయంత్రం భానుమూర్తి గారు కలిపేసుకుంటారు. శనివారం తుర్కయంజాల్‌లో డబ్బాలు తయారుచేసే తిరుపతి తన షెడ్డులోని ఆరు వందల డబ్బాల్లోకి ఆ ప్రోగ్రాం ఎక్కించి నల్లగొండ ఊళ్లకు పంపేస్తాడు.

అవి ఆటో స్టార్టర్ డబ్బాలు. కరెంటు రాగానే పొలంలో మోటారు దానంతటదే ఆన్ అవుతుంది, రైతు ఫోనుకి మెసేజ్ వస్తుంది. ఆ ఊళ్లన్నీ అరుణజ్యోతి తండ్రి లచ్చయ్యకు చుట్టాల ఊళ్లే. "మన లచ్చయ్య బిడ్డ సూసిన మిషనట" అని తిరుపతి ఇప్పటికే సగం జిల్లాకు చెప్పి ఉంచాడు. నోరు మూసుకుని డబ్బాలు బిగించుకోవచ్చు కదా, బిగించుకోడు.

బుధవారం సాయంత్రం అరుణజ్యోతి మెట్రో దిగి, సాగర్ రింగ్ రోడ్డు పక్కనున్న తండ్రి వైండింగ్ షాపుకి వెళ్లింది. కాలిన మోటార్లకు రాగి తీగ మళ్లీ చుట్టడం లచ్చయ్య పని. అప్పటికే షాపు ముందు జంగయ్య అనే రైతు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అతని మోటారు నేల మీద విప్పి ఉంది. లోపల తీగంతా మాడి నల్లగా ఉంది.

లచ్చయ్య టార్చి వేసి, మాడిన తీగచుట్టల సందులో స్క్రూడ్రైవరుతో గీకాడు. వార్నిష్ పొర కింద చిన్న ఎర్ర దారం ముడి బయటపడింది.

"నాదే" అన్నాడు. "ఎప్పుడు తీస్కపోయినవు?"

"దసరా ముంగట."

"ఏడాది గాలేదు. పైసలియ్యకు. ఎల్లుండొచ్చి తీస్కపో."

లచ్చయ్య ఆచారం అది. తీగ చుట్టడం అయ్యాక, సొంతంగా నడిపి చూసి, తనకు నచ్చితేనే ఎర్ర దారం ముడి వేసి దాని మీద వార్నిష్ పోస్తాడు. బయటికి కనిపించదు. మోటారు మళ్లీ విప్పినవాడికే కనిపిస్తుంది. దారం ఉండి ఏడాదిలోపు కాలితే ఉచితంగా చుట్టి ఇస్తాడు. ఆ దారం వేసిన మోటార్లు ముప్పై ఏళ్లలో తిరిగొచ్చినవి చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందుకే ఈ ముడి కనబడగానే ఆయన మొహం మాడిపోయింది.

"ఎట్ల గాలింది?" అని అడిగాడు.

"ఏముంది లచ్చన్నా, గాలొచ్చి తీగలు తెగినయి. లైన్‌మన్ అతికిచ్చి ఫ్యూజేసిండు. వచ్చింది, పోయింది. మల్ల ఏసిండు. వచ్చింది, పోయింది. మూడోపాలి వచ్చినప్పుడు కమురు వాసన."

"గది నా తప్పే. నిల్వని కరెంటు మీద నడిపి సూడలే" అన్నాడు లచ్చయ్య. ఊళ్లో లైన్‌మన్ భిక్షపతి వెనక పదేళ్లు స్తంభాలెక్కిన మనిషి ఆయన. "లైన్‌మన్ ఎన్నడన్న ఒక్కపాలికే ఇస్తడా? రెండు మూడు పాలీలు ఏసి తీసి, లైను పట్టుకుంటదా లేదా సూస్తడు. గది తెల్వదా నాకు?"

ఆ మాట లచ్చయ్య తనను తాను తిట్టుకుంటూ అన్నాడు. తగిలింది మాత్రం అరుణజ్యోతికి.

కరెంటు వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ తిరుపతి డబ్బా నిద్రలేచి, ఫలానా సమయానికి కరెంటు వచ్చిందని మెమరీలో రాసుకుంటుంది. ఫ్లాష్ మెమరీ పలక లాంటిది, రాయాలంటే ముందు తుడవాలి. తుడుస్తుండగా కరెంటు పోతే పలక సగం చెరిగి ఉండిపోతుంది. తర్వాతిసారి లేచిన డబ్బాకు తానెవరో కూడా గుర్తుండదు. అందుకే డబ్బాలో ఒక కెపాసిటర్ ఉంటుంది. బయట కరెంటు పోయినా ఒక్క తుడుపుకి సరిపడా శక్తిని అది దాచుకుంటుంది. అది నిండాకే తుడవడం మొదలుపెట్టాలి. నౌక వాళ్ల డ్రైవరులో "నిండిందా?" అని అడిగే లైను ఒకటి ఉంది. కార్తీక్ తెచ్చినదాంట్లోనూ ఉంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఆ లైను దగ్గర పెన్సిల్‌తో టిక్కు పెట్టిన సంగతి ఆమెకు బాగా గుర్తుంది.

మరి జవాబు ఎవరు చెబుతున్నారు?

అక్కడే బెంచీ మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. ప్రశ్నకు జవాబు చెప్పే ముక్క వేరే ఫైలులో ఉంది. నౌకలో అది నలభై లైన్లు. కార్తీక్ రాసిన దాంట్లో ఒకటే లైను. ఎవరు అడిగినా, ఎప్పుడు అడిగినా, "అవును, నిండింది" అని చెప్పడమే దాని పని. పెళ్లిచూపుల్లో అబ్బాయి తరఫు బాబాయిలా, ఏమడిగినా అవుననే అంటుంది. పైన కార్తీక్ ఒక మాట కూడా రాసుకున్నాడు: తర్వాత చూడాలి.

అరుణజ్యోతి చెవులు వేడెక్కాయి. గుమ్మానికి తోరణం కట్టి ఉందని చూసి వచ్చేసింది తను, ఇంట్లో మనుషులున్నారో లేదో తొంగిచూడలేదు. ముప్పై ఒక్క తప్పులు పట్టానని మురిసిపోయి ముప్పై రెండోదాని మీద తన పేరు పెట్టింది. సిగ్గేసింది. ఒట్టి సిగ్గు కూడా కాదు, ఆ ఊళ్లలో తన పేరు ఎవరికి తెలుసు? డబ్బాలు చచ్చిపోతే అందరూ అనేది "లచ్చయ్య బిడ్డ" అనే.

"ఏందే, గట్లయినవు?" అన్నాడు లచ్చయ్య.

"నేను గూడ నడపకుండనే దారమేసిన నాయినా" అంది.

ఆయనకు ప్రోగ్రాముల సంగతి తెలియదు. దారం సంగతి తెలుసు. "మోటరు షాపు దాటిందా?" అని అడిగాడు.

"శనివారం దాటుతది."

"గట్లయితే ఇంక టైమున్నది. ఇప్పు."

కార్తీక్‌కి వెంటనే మెసేజ్ పెట్టింది. పది నిమిషాల్లో జవాబు వచ్చింది, ధీమాగా. పోయిన వారం సోమవారం నుంచి గురువారం దాకా డెబ్బై రెండు గంటలు ఆగకుండా నడిపానని, పది వేలసార్లు తుడిచి రాసినా ఒక్క తప్పు రాలేదని, నిమిషం నిమిషం చిట్టా కూడా పంపాడు. చిట్టా చక్కగా ఉంది. అరుణజ్యోతి మంగళవారం మధ్యాహ్నం దగ్గర ఆగింది. ఆ మంగళవారం ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో కళ్లద్దాలు చేయించుకుంటూ, లైను పని కోసం కరెంటు తీసేస్తే రెండు గంటలు దుకాణంలో చెమటలు కక్కుతూ కూర్చుంది. కార్తీక్ ఇల్లు ఆ దుకాణానికి రెండు వీధుల అవతల, బస్ డిపో వెనక. చిట్టాలో మాత్రం ఆ రెండు గంటలూ ఏమీ జరగనట్టే ఉన్నాయి.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి పొద్దున్నే అతనింటికి వెళ్లింది. ఇద్దరూ మూడు నెలలుగా ఈమెయిళ్లలో వాదులాడుకుంటున్నారు గానీ మొహాలు చూసుకోవడం ఇదే మొదలు. తలుపు తీసింది కార్తీక్ తల్లి కోటేశ్వరమ్మ. గుంటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లయినా మాటలో ఆ ఊరు చెక్కుచెదరలేదు.

"రామ్మా, కూర్చో. మావాడు నీ గురించి చెబుతుంటాడు. చాలా కఠినం అంటాడు కానీ మంచిగానే చెబుతాడులే" అంటూ కాఫీ తెచ్చింది.

"అమ్మా, పోయిన మంగళవారం ఇక్కడ కరెంటు పోయింది కదా?" అని అడిగింది అరుణజ్యోతి.

"ఏమోనమ్మా, మాకు తెలీదు. మా ఆయన రెండు బ్యాటరీల ఇన్వర్టరు పెట్టించారు. ఈ ఇంట్లో కరెంటు పోవడమన్నది ఉండదు. ఫ్యాను రెక్క కూడా ఆగదనుకో" అని ఆమె గర్వంగా మూలనున్న పెట్టె వైపు చూపించింది.

లోపలి గది గుమ్మంలో నిలబడ్డ కార్తీక్ ఈ మాటలు విన్నాడు. తెలివైనవాడు, తన పరీక్షకు ఒక్కసారైనా కరెంటు పోవడం తగల్లేదని విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. అయినా వెంటనే ఒప్పుకుంటే ఇంజనీరెలా అవుతాడు?

"ఆ జవాబు చెప్పే ఫంక్షన్ మిణుగురులో లేదు కదండీ. ప్రోగ్రాం కంపైల్ అయి నడవాలంటే అక్కడ ఏదో ఒకటి పెట్టాలి. తర్వాత రాద్దామనే పెట్టాను."

"పెట్టిన్రు, మంచిదే. మళ్ల అటు దిక్కు పోలేదు."

"ముప్పై ఒక్క కామెంట్లు దిద్దేసరికి అది మరుగున పడిపోయిందండీ." గొంతు తగ్గించి అన్నాడు. "అయినా మీరు కూడా చూసే కదా రివ్యూడ్ బై ఇచ్చారు?"

అనవలసిన మాటే. తప్పు లేదు. అరుణజ్యోతి కాఫీ గ్లాసు పక్కన పెట్టింది.

"ఇచ్చిన. ఇప్పుడు మీ ముందటే వాపస్ తీస్కుంట. ముందు నా తప్పు రాస్త, తర్వాతనే మీది."

అతని భోజనాల బల్ల మీదే కూర్చుని ప్రాజెక్టు మొత్తానికి ఉత్తరం రాసింది. కార్తీక్ తెచ్చిన ఫ్లాష్ డ్రైవర్ మీద ఆదివారం నేను పెట్టిన పేరు వెనక్కి తీసుకుంటున్నాను. ఒక ఖాళీ ఫంక్షన్‌ని లోపలికి వెళ్లి చూడకుండా దాటేశాను. నిలకడ లేని కరెంటు మీద ఇది మెమరీని పాడుచేస్తుందని నా అనుమానం. అంతే, నాలుగు ముక్కలు. పంపే ముందు రెండుసార్లు చదువుకుంది, పైనుంచి కిందికి ఒకసారి, కిందనుంచి పైకి ఒకసారి.

కార్తీక్ పక్కనే నిలబడి చదివాడు. తన పేరు పక్కన ఒక్క పరుషమైన మాటైనా లేకపోవడం అతనికి తెలిసింది. "నేనూ వస్తాను. ఎక్కడ పరీక్షిద్దాం?" అన్నాడు.

భానుమూర్తి గారి జవాబు వాళ్లు మెట్రో ఎక్కేలోపే వచ్చింది. ఆరేళ్లలో ఇది మొదటిసారి కాబట్టి ఆగుతున్నాను, అయితే రేపు సాయంత్రం దాకానే. అనుమానంతో పని ఆపలేను. డబ్బా చావడమైనా చూపించండి, చావదనైనా చూపించండి.

వెనకే తిరుపతి ఫోను. "అక్కా, ఏందక్కా గిది? ఆరొందల డబ్బాలు పెట్టుకొని కూసున్న. నువ్వే సరే అంటివి, మల్ల నువ్వే వద్దంటివి!"

"ఒక డబ్బా పట్టుకొని నాయిన షాపుకి రా తిరుపతీ. సచ్చిపోయినా పర్వాలేదనుకునేది తే."

లచ్చయ్య షాపు వెనక గదిలో గోడకు పాత ఇనప హ్యాండిల్ మెయిన్ స్విచ్చు ఉంది. తిరుపతి తెచ్చిన డబ్బాలోకి కార్తీక్ డ్రైవరున్న ప్రోగ్రాం ఎక్కించి దానికి తగిలించారు. కార్తీక్ ఊరికే రాలేదు. కరెంటు ఇచ్చి తీసే చిన్న పరికరం ఒకటి సొంతంగా చేసుకుని తెచ్చాడు. రెండు సెకన్లు ఇవ్వడం, రెండు సెకన్లు తీయడం, గడియారం కొట్టినట్టు. దాన్ని మధ్యలో పెట్టి నడిపించాడు. ఐదు వందల సార్లు. డబ్బా ప్రతిసారీ పచ్చ లైటు వెలిగించి హాయిగా లేచింది.

తిరుపతి మొహం విప్పారింది. కార్తీక్ భుజాలు కాస్త పైకి లేచాయి. అరుణజ్యోతి మాత్రం స్టూలు మీంచి కదల్లేదు. కాగితం మీద ఉన్నది తను చూసింది. తప్పు ఉంది. అది ఎక్కడ దాక్కుందన్నదే ప్రశ్న.

జంగయ్య మోటారుకి తీగ చుట్టుకుంటూ ఇదంతా ఓరకంట చూస్తున్న లచ్చయ్య చేతులు తుడుచుకుని లేచాడు.

"గట్ల గాదు సారూ. లైన్‌మన్ గట్ల ఎయ్యడు."

"ఎలా వేస్తారంకుల్?"

"ఫ్యూజేస్తడు. ఏసి, చెవొగ్గి ఇంటడు. ట్రాన్స్‌ఫార్మర్ మూల్గుతాందంటే ఎంటనే తీస్తడు. మూల్గకపోతే తలెత్తి తీగల దిక్కు సూస్తడు, గా కడపటి స్తంభం దాంక. ఎక్కడన్న మెరుపొస్తే తీస్తడు. గంత సేపే. మల్లేస్తడు. భయముంటది గద, ఒకపాలి తొందరగ తీస్తడు, ఒకపాలి నిమ్మలంగ తీస్తడు. నీ మిషనుకు భయమున్నదా?"

కార్తీక్ నవ్వి తన పరికరాన్ని తీసి పక్కన పెట్టాడు. లచ్చయ్య హ్యాండిల్ పట్టుకున్నాడు. వేశాడు. చెవొగ్గి విన్నాడు. తీశాడు. మళ్లీ వేసి, తల ఎత్తి షాపు రేకుల వైపు, అక్కడేదో దూరపు స్తంభం కనిపిస్తున్నట్టు కళ్లు చికిలించి చూసి తీశాడు. ఆ గదిలో ఆయన కళ్లముందు ఏ ఊరి పొలాలున్నాయో ఆయనకే తెలియాలి. మూడు, నాలుగు, ఐదు. ఆరోసారి వేసి తీసి, ఏడోసారి వేశాడు.

పచ్చ లైటు వెలగలేదు. ఎనిమిదోసారీ వెలగలేదు. డబ్బా చచ్చిపోయింది.

ఇన్నాళ్ల చదువులో అరుణజ్యోతికి తన మాట నెగ్గినందుకు ఇంత దిగులుగా ఎప్పుడూ అనిపించలేదు. ఆరు వందల డబ్బాలు, ఆరు వందల పొలాలు. ఒక్క గాలివానతో అన్నీ ఇలా నల్లబడి కూర్చునేవి.

"మూడో సెకనులో" అన్నాడు కార్తీక్, ల్యాప్‌టాప్ వైపు వంగి. "లేచిన రెండున్నర సెకన్లకు తుడవడం మొదలవుతోంది. నా పరికరం రెండు సెకన్లకే తీసేస్తోంది కాబట్టి అప్పటికి డబ్బా పలక ముట్టుకోవట్లేదు. అంకుల్ చెయ్యి సరిగ్గా తుడుస్తున్నప్పుడు తీసింది. కెపాసిటర్ సగమే నిండి ఉంది."

"కెపాసిటర్ నిండనీయకుండ మోటరు ఎవ్వడన్న తిప్పుతడా?" అన్నాడు లచ్చయ్య విసుగ్గా. కంప్యూటర్లు రాకపోయినా కెపాసిటర్లు ఆయనకు కొట్టినపిండి.

"తిప్పకూడదంకుల్. నేను తిప్పాను" అన్నాడు కార్తీక్.

ఆ మాట అన్నందుకు అరుణజ్యోతికి అతని మీద గౌరవం కలిగింది. ఇక ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. నౌక వాళ్ల నలభై లైన్లూ ఇక్కడ పనికిరావు, మెమరీ చిప్పు ఒకటే అయినా యంత్రాన్ని నడిపే వాళ్ల చిప్పు వేరు. తిరుపతి డబ్బాలోని చిన్న చిప్పుకి తన కెపాసిటర్ ఎంత నిండిందో కొలుచుకునే దారి ఒకటుంది. దాన్ని పట్టుకుని కార్తీక్ పదిహేడు లైన్లు రాశాడు. అరుణజ్యోతి రెండుచోట్ల ఆపింది. ఒకటి, కొలత ఒక్కసారి తీస్తే చాలదు, నిలబడిందో లేదో చూడాలి. రెండు, ఎంతకీ నిండకపోతే డబ్బా ఎదురుచూస్తూ ఉండిపోకూడదు, రాయడం మానేసి మోటారు పని తాను చూసుకోవాలి. "ఒకనాటి లెక్క రాయకున్నా నడుస్తది, నీళ్లు రాకుంటే నడవది" అంది. కార్తీక్ రెండూ దిద్దాడు.

శుక్రవారం పొద్దున తిరుపతి ఇంకో డబ్బా తెచ్చాడు. కొత్త ప్రోగ్రాం ఎక్కించారు. లచ్చయ్య హ్యాండిల్ పట్టుకున్నాడు. ఇరవైసార్లు వేసి తీశాడు. డబ్బా లేస్తూనే ఉంది.

"చాలు నాయినా" అంది అరుణజ్యోతి.

"నీకు చాలు. నాకు చాలద్దా?"

యాభై దాటాయి. వంద దాటాయి. మధ్యలో చెయ్యి నొప్పి పుడితే కార్తీక్ పట్టుకున్నాడు గానీ, "భయంతోని తియ్యాలె సారూ, గట్ల గుంజొద్దు" అని లచ్చయ్య మళ్లీ తానే తీసుకున్నాడు. అంతటితో ఆగలేదు. పక్కనే వెల్డింగ్ షాపు ఉంది. అక్కడ రాడ్డు అంటించినప్పుడల్లా ఈ వీధిలో లైట్లు మినుకుమంటాయి. వాళ్లను బతిమాలి, ఇటు తను స్విచ్చు వేస్తున్నంతసేపూ అటు వెల్డింగ్ చేయించాడు. అంతకంటే పాడు కరెంటు నల్లగొండ జిల్లా మొత్తం వెతికినా దొరకదు. మూడు వందల సార్లయ్యాక చెవి దగ్గర పెట్టుకుని డబ్బాని ఊపి చూశాడు, ఎందుకో ఆయనకే తెలియాలి. బల్ల మీద పెట్టి, "ఇగ పో" అన్నాడు.

అరుణజ్యోతి కాగితాలు ముందేసుకుని ఆఖరి లైను నుంచి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ప్రతి ప్రశ్న దగ్గరా ఆగి, జవాబు చెప్పేది ఎవరో వెతుక్కుంటూ వెళ్లి లోపల చూసి వచ్చింది. గంటన్నర పట్టింది. ఎక్కడా రాయి తగల్లేదు. నిన్న తీసేసిన పేరు మళ్లీ పెట్టింది. నిన్నటిదాకా ఆ పేరు పెడుతుంటే హుషారుగా ఉండేది. ఈవేళ నెమ్మదిగా, ధైర్యంగా ఉంది.

పంపేముందు కార్తీక్ ఆమె వైపు స్క్రీను తిప్పాడు. చివర్లో ఒక లైను కొత్తగా చేర్చాడు.

టెస్టెడ్ బై లచ్చయ్య.

అరుణజ్యోతి ఆ లైను రెండుసార్లు చదువుకుంది. "ఈమెయిల్ ఉండాలె పక్కన, అది రూలు" అంది. ఆ రూలు దగ్గర భానుమూర్తి గారు దేవుడు దిగివచ్చినా ఒప్పుకోరు.

"ఏంది గది?" అంటూ వచ్చాడు లచ్చయ్య.

"నీ పేరు నాయినా. గీ పని నువ్వు నడిపి సూసినవని రాసిండు."

లచ్చయ్య కళ్లద్దాలు పెట్టుకుని స్క్రీను మీదికి వంగాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తన పేరు గుర్తుపట్టడం ఆయనకు వచ్చు, షాపు బోర్డు మీద ఉంది కదా. "ఎవలు సూస్తరు దీన్ని?"

"డబ్బా నడిచినన్ని రోజులు ఎవ్వలు సూడరు. ఎప్పుడన్న తప్పొచ్చి లోపల ఇప్పి సూసినోళ్లు సూస్తరు."

లచ్చయ్య ఒక్క క్షణం ఆ లైను వైపే చూశాడు. ఆ తర్వాత బల్ల మీది జంగయ్య మోటారు వైపు చూశాడు. దాని తీగచుట్టల సందులో పొద్దున్నే వేసిన కొత్త ఎర్ర ముడి, ఇంకా ఆరని వార్నిష్ కింద మెరుస్తోంది.

"గట్లయితే పక్కన నా ఫోన్ నంబరు రాయి" అన్నాడు. "ఏడాదిలోపల కాల్తే నా దగ్గరికే తెమ్మను."

"ఫోన్ నంబరు పెట్టొద్దు నాయినా. గది ప్రపంచమంత కనబడ్తది. ఇగ తీసేద్దామన్నా పోదు."

"కనబడనియ్యి" అన్నాడు లచ్చయ్య, వెనక్కి తిరిగి తీగ చుట్ట అందుకుంటూ. "దారమేసినోడు దాసుకుంటడా?"

ఈమెయిల్ ఉండాల్సిన చోట కార్తీక్ షాపు ఫోన్ నంబరు రాసి పంపాడు. ఒక్క ఖాళీ ఎక్కువైనా తిప్పి పంపే భానుమూర్తి గారు సాయంత్రం ఆరింటికి దాన్ని యథాతథంగా కలిపేసుకున్నారు.